చెల్లి పెళ్లయ్యే దాకా జబ్బు పేరు దాచాలా?

ప్రశ్న: అక్కా, నాకు 36 ఏళ్లు. గుంటూరు దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచర్‌ని. మా నాన్న నలభై దాటాక తూలుతూ నడిచేవారు, మాట ముద్దగా వచ్చేది. జీవితంలో చుక్క ముట్టని మనిషి, అయినా ఊళ్లో తాగుబోతు అని పేరు పడింది. ఏం జబ్బో తెలియకుండానే పోయారు. ఇప్పుడు నాకూ అదే మొదలైంది. బెంగళూరు నిమ్హాన్స్‌లో జన్యు పరీక్ష చేసి ఎస్.సి.ఎ.2 అనే నరాల జబ్బు అన్నారు, మందు లేదన్నారు. హెడ్మాస్టర్ గారు మెడికల్ గ్రౌండ్స్ మీద రిటైర్ అయిపోతే మంచిదంటున్నారు. అక్కడ ఆసుపత్రిలో పరిచయమైన విజయవాడ ఆయన ఒకరు (వాళ్లావిడకి కూడా ఇదే) మన జిల్లాల వాళ్లందరం ఒక గ్రూపుగా ఏర్పడదాం, టీవీ వాళ్లతో మాట్లాడదాం, నువ్వు టీచర్‌వి కాబట్టి బాగా చెప్పగలవు అంటున్నారు. నాకూ చేయాలనే ఉంది, ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతోంది. కానీ అమ్మ కాళ్లావేళ్లా పడుతోంది. చెల్లికి 26, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్, సంబంధాలు చూస్తున్నాం. "ఇంటి గుట్టు లంకకు చేటు, దాని పెళ్లయ్యే దాకా నోరెత్తకు" అంటోంది. చెల్లికి కూడా నాది వెర్టిగో అనే చెప్పారు. మా బాబుకి 9 ఏళ్లు, వాడికి పరీక్ష చేయించాలా? ఇంకోటి, ఈ మధ్య బ్యాంకులో సంతకం కలవడం లేదని చెక్కు తిప్పి పంపారు. అసలు నాకు ఆశ అనేది ఉందా అక్కా? (ఉత్తరం పెద్దది, కుదించాను.)

జవాబు: చెల్లెమ్మా, నీ ఉత్తరంలో జబ్బు గురించి రాసింది కొంచెం, అమ్మ గురించి రాసింది బోలెడు. కాబట్టి అక్కడి నుంచే వస్తాను. మీ అమ్మగారు రెండు విషయాలు కలిపేస్తున్నారు, ఆవిడ కలిపిన ముడి నువ్వు విప్పకుండానే మోస్తున్నావు. చెల్లికి చెప్పడం ఒకటి, లోకానికి చెప్పడం ఇంకొకటి. లోకానికి చెప్పాలా వద్దా, ఎప్పుడు, ఎంత, అనేది పూర్తిగా నీ ఇష్టం, అసలు ఎప్పటికీ చెప్పకపోయినా నిన్ను అడిగే హక్కు ఎవరికీ లేదు. చెల్లికి చెప్పడం మాత్రం అలా కాదు. అది ఆ అమ్మాయి ఒంటికి సంబంధించిన విషయం. దాన్ని ఆమెకి తెలియకుండా ఆమె మేలు కోసమే దాస్తున్నాం అనుకోవడం, పెద్దవాళ్లు ఎంత ప్రేమతో చేసినా సరే, నాకు మింగుడు పడదు.

ఎందుకో చెప్తాను. ఎస్.సి.ఎ. అంటే స్పైనో సెరిబెల్లార్ అటాక్సియా. మన నడకని, మాటని, చేతి పనిని సర్దుబాటు చేసే చిన్నమెదడు కొద్దికొద్దిగా దెబ్బతినే జబ్బుల కుటుంబం ఇది, ఇందులో పదుల రకాలున్నాయి, నీది రెండో నంబరు. మన దేశంలో ఎక్కువగా కనిపించే రకాల్లో ఇదొకటి. జన్యువులో సి.ఎ.జి. అనే మూడక్షరాల ముక్క ఉండాల్సిన దానికంటే ఎక్కువసార్లు రిపీట్ అవడం వల్ల వస్తుంది. తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఉంటే చాలు, ప్రతి బిడ్డకీ వచ్చే అవకాశం సగానికి సగం. మీ నాన్నగారి నుంచి నీకు వచ్చింది. మీ చెల్లికి వచ్చి ఉండొచ్చు, రాకపోయి ఉండొచ్చు. అక్కకి వచ్చింది కాబట్టి చెల్లికి రాదనే లెక్క లేదు, లెక్కల టీచర్‌వి, నీకు నేను చెప్పక్కర్లేదు. పైగా తరం మారేకొద్దీ, ముఖ్యంగా తండ్రి వైపు నుంచి వచ్చినప్పుడు, ఇంకా చిన్న వయసులోనే మొదలయ్యే అవకాశం ఉంటుంది.

ఇప్పుడు ఆలోచించు. మీ చెల్లికి చెప్పకుండా పెళ్లి చేశారు. నాలుగేళ్లకి ఒక పిల్లో పిల్లాడో పుట్టాక తనకి కాలు తడబడటం మొదలైంది. అప్పుడు అత్తారింటికి ఏం తెలుస్తుంది? అక్కకి ఉందని, నాన్నకి ఉండేదని, పుట్టింటివాళ్లకి ముందే తెలుసని. ఆ రోజు ఆమె పక్కన నిలబడేది ఎవరు? మొగుడు మంచివాడైనా సరే, మోసపోయాననే మాట వాడి నోట్లోంచి ఒక్కసారైనా వస్తుంది. అదే ఇప్పుడు తెలిస్తే ఆమెకి దారులు ఉన్నాయి. కావాలంటే పరీక్ష చేయించుకుంటుంది. వద్దంటే మానేస్తుంది, తెలుసుకోకుండా ఉండే హక్కు కూడా ఆమెదే, ఈ విషయంలో ప్రపంచమంతా డాక్టర్లు పాటించే పద్ధతి ఇదే. లక్షణాలు లేని మనిషికి ముందు కౌన్సెలింగ్ చేసి, ఆలోచించుకునే టైమ్ ఇచ్చి, అప్పుడు గానీ రక్తం తీసుకోరు. పిల్లల్ని కనాలనుకున్నప్పుడు గర్భంలోనే జన్యు పరీక్ష చేయించుకోవడం మన దేశంలో చట్టబద్ధమే. లింగ నిర్ధారణని నిషేధించిన చట్టమే ఇలాంటి జన్యు జబ్బుల పరీక్షలకి అనుమతి ఇస్తుంది. ఐ.వి.ఎఫ్. దశలోనే పిండాన్ని పరీక్షించే మార్గం కూడా ఉంది, ఖర్చు ఎక్కువనుకో. ఇవన్నీ ముందు తెలిసినవాళ్లకే.

నువ్వు చెప్పేటప్పుడు ఫోన్లో చెప్పకు. రిపోర్టు పట్టుకుని హైదరాబాద్ వెళ్లు, లేదా పండక్కి వచ్చినప్పుడు అమ్మని పక్కన కూర్చోబెట్టుకునే చెప్పు. "నీకు ఉందని కాదు, ఉండొచ్చు అని. పరీక్ష చేయించుకోమని కూడా కాదు. తెలిసి నిర్ణయం తీసుకుంటావని చెప్తున్నా" అను. సంబంధం వాళ్లకి చెప్పాలా వద్దా అనేది ఆ తర్వాత చెల్లి తేల్చుకోవాల్సిన మాట. నన్నడిగితే చెప్పమనే అంటాను, కానీ నన్నడగాల్సింది ఆమె, నువ్వు కాదు. అమ్మ ఏడుస్తుంది. ఏడవనివ్వు. భర్తని తాగుబోతు అంటుంటే కిక్కురుమనకుండా అన్నేళ్లు భరించిన మనిషి ఆవిడ. ఆవిడ భయం ఉత్తి మూర్ఖత్వం కాదు, మన ఊళ్లలో పెళ్లి సంబంధాల దగ్గర ఏం జరుగుతుందో నీకంటే నాకంటే ఆవిడకే బాగా తెలుసు.

బాబు సంగతి ఒక్క మాటలో తేల్చేస్తాను. వద్దు. పెద్దయ్యాక వచ్చే, ఇప్పుడు చికిత్స లేని జబ్బుకి లక్షణాలు లేని చిన్నపిల్లలకి పరీక్ష చేయరు, మంచి డాక్టరైతే నువ్వడిగినా ఒప్పుకోరు. వాడు మేజరయ్యాక వాడి ఇష్టం. ఎవరైనా ప్రైవేట్ ల్యాబ్ వాళ్లు డబ్బులు కడితే చేసేస్తాం అంటే నవ్వి వచ్చెయ్. ఒకవేళ వాడి నడకలోనో మాటలోనో నిజంగా తేడా కనిపిస్తే అది వేరే విషయం, అప్పుడు న్యూరాలజిస్టుకి చూపించు.

ఇక ఆ విజయవాడ ఆయన గ్రూపు. టీవీ దగ్గరే మొదలుపెట్టాలా ఏంటి? మనవాళ్లకి పోరాటం అంటే మైకే గుర్తొస్తుంది. నీకు ఒకావిడ గురించి చెప్తాను. నాన్సీ వెక్స్‌లర్ అని అమెరికా ఆవిడ, సైకాలజిస్టు. వాళ్లమ్మకి హంటింగ్టన్ జబ్బు, మెదడు క్రమంగా దెబ్బతినేది. అది కూడా నీ జబ్బులాగే సి.ఎ.జి. రిపీట్ల వల్ల వచ్చేదే, బిడ్డకి సగానికి సగం అవకాశమే. వాళ్ల నాన్న 1968లో ఒక ఫౌండేషన్ పెట్టాడు. ఈవిడ 1979 నుంచి వెనిజులాలో మరకైబో సరస్సు ఒడ్డున ఉన్న జాలరి పల్లెలకి ఏటా వెళ్లింది, అక్కడ ఈ జబ్బు తరతరాలుగా ఇంటింటా ఉంది. ఇల్లిల్లూ తిరిగి వంశవృక్షాలు రాసుకుని, 4 వేలకు పైగా రక్త నమూనాలు పోగు చేశారు. 1983లో ఆ జన్యువు ఏ క్రోమోజోమ్ మీద ఉందో దొరికింది, 1993లో జన్యువే దొరికింది. అదే 1993లో ఎస్.సి.ఎ.1 జన్యువు కూడా వేరే బృందానికి దొరికింది. మీ ఎస్.సి.ఎ.2 జన్యువు 1996లో. అంటే మీ నాన్నగారి తూలుడు ఇదేనని జన్యు పరీక్షతో ఖాయంగా తేల్చగలగడం ఆ తర్వాతే సాధ్యమైంది.

నేను నీకు చెప్పాలనుకున్నది ఆ సైన్సు కథ కాదు. అన్నేళ్లు ఆ జబ్బు కోసం ఊరూరా మాట్లాడిన నాన్సీ వెక్స్‌లర్ తనకి ఆ జబ్బు ఉందో లేదో మాత్రం చెప్పలేదు. అందరూ అడిగేవాళ్లు, పరీక్ష చేయించుకున్నారా అని. చెప్పలేదు. 2020లో, డెబ్భై దాటాక, లక్షణాలు దాచలేనంతగా కనిపిస్తున్నప్పుడు గానీ బయటికి చెప్పలేదు. ఒకటి మాత్రం దాచనక్కర్లేకుండా మొదటి నుంచీ అనగలిగింది, మా అమ్మకి ఉండేది అని. నువ్వు మా నాన్నకి ఉండేది అనడానికి కూడా ఇంకా రెడీగా లేకపోతే, "మా బంధువుల్లో ఒకరికి" అనొచ్చు, లేదా ఏమీ అనకుండా వెనకాల ఉండి కాగితాలు రాయొచ్చు. గ్రూపుకి ముఖం ఎవరైనా దొరుకుతారు. కాగితాలు రాయగలిగేవాళ్లే దొరకరు, నా మాట నమ్ము. (ఆ వెనిజులా పల్లెల వాళ్లకి మాత్రం తిరిగి దక్కింది చాలా తక్కువ. అందుకే రేపు మీ గ్రూపు దగ్గరికి ఎవరైనా పరిశోధన అని రక్తం అడగడానికి వస్తే ఇవ్వండి, కానీ ఎథిక్స్ కమిటీ అనుమతి ఏది, ఫలితం మాకు చెప్తారా, మా పేర్లు బయటికి రావుగా అని అడిగి మరీ ఇవ్వండి.)

నాకు ఇవన్నీ ఎలా తెలుసంటే, మా బాబాయి కొడుక్కి మస్క్యులర్ డిస్ట్రఫీ, అంటే కండరాలు క్షీణించే జబ్బు. వాడితో ఆఫీసుల చుట్టూ తిరిగిందాన్ని. వాడు ఇంకా గోడ పట్టుకుని నడుస్తున్న రోజుల్లో ఒక క్యాంపులో కూర్చున్న డాక్టరు గారు "నడుస్తున్నాడుగా, ఇంకేం" అనేసి వైకల్య శాతం తక్కువ వేశారు. వాడికి రెండు చేతులూ రెండు కాళ్లూ ఉన్నాయి కదా మరి. నీకూ అదే ఎదురవుతుంది. అటాక్సియాలో కండరాలకి బలం ఉంటుంది, ఎముకలు బాగుంటాయి, పోయేది బ్యాలెన్స్. మంచం మీద పడుకోబెట్టి కాలు ఎత్తమంటే ఎత్తేస్తావు. అందుకని మీ గ్రూపు మొదటి పని ఏమిటని అడిగితే నేను సదరం, అంటే వైకల్య శాతం రాసిచ్చే సర్టిఫికెట్, అంటాను.

ఆశ ఉందా అని అడిగావు కదా, దానికి జవాబు కూడా ఈ సదరం కాగితంలోనే కొంత ఉంది. 1995 నాటి వికలాంగుల చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉండేవి. అంధత్వం, చూపు మందగించడం, వినికిడి, కాళ్లు చేతులు, బుద్ధిమాంద్యం, మానసిక జబ్బు, కుష్ఠు నయమైనవాళ్లు, అంతే. మీ నాన్నగారి లాంటి మనిషికి అందులో నేరుగా గడే లేదు. వికలాంగుల సంఘాలు ఏళ్ల తరబడి ఢిల్లీలో రోడ్డెక్కి, చర్చలు చేసి, డ్రాఫ్టులు దిద్దించి చివరికి 2016లో కొత్త చట్టం తెచ్చుకున్నాయి. అందులో 21 రకాలున్నాయి. మస్క్యులర్ డిస్ట్రఫీ, మల్టిపుల్ స్క్లెరోసిస్, పార్కిన్సన్స్‌తో పాటు "దీర్ఘకాలిక నాడీ సంబంధ జబ్బులు" అని ఒక గడి పెట్టించారు. నువ్వు నిలబడబోయేది ఆ గడిలోనే. వాళ్లలో చాలామందికి నీ జబ్బు పేరు కూడా తెలిసి ఉండదు. నీ కోసమని చేయలేదు, అయినా నీకు పనికొస్తోంది.

సరే, పని మాటకొద్దాం. వార్డు సచివాలయంలోనో మీసేవలోనో స్లాట్ తీసుకో, యు.డి.ఐ.డి. కార్డుకి (దేశమంతా చెల్లే వైకల్య గుర్తింపు కార్డు) కూడా అప్లై చెయ్యి. మెడికల్ బోర్డు ముందుకి వెళ్లేటప్పుడు జన్యు రిపోర్టు, ఎం.ఆర్.ఐ., న్యూరాలజిస్టు రాసిన లెటర్ పట్టుకెళ్లు. ఆ లెటర్లో జబ్బు పేరు ఒక్కటే రాయించకు. ఎంత దూరం ఆసరా లేకుండా నడవగలదు, మెట్లు ఎక్కగలదా, ఎన్నిసార్లు పడింది, చేతిరాత ఎలా ఉంది, మాట ఎలా ఉంది, ఇది పెరిగే జబ్బు అని స్పష్టంగా రాయించు. శాతం ఎలా లెక్కగట్టాలో కేంద్రం 2018లో గెజిట్ ఇచ్చింది, 2024లో సవరించింది, అందులో ఈ జబ్బులకి సంబంధించిన పేజీలు ప్రింట్ తీసి ఫైల్లో పెట్టుకో. బోర్డు డాక్టరు ముందు చట్టం చదవకు, ఊరికే కోపం వస్తుంది. తక్కువ వేస్తే అప్పీలుకి పనికొస్తాయి. 40 శాతం, ఆపైన ఉంటేనే చాలా హక్కులు మొదలవుతాయి. 2025లో మన రాష్ట్రంలో పింఛన్లు మళ్లీ తనిఖీ చేసి చాలామందికి నోటీసులు ఇచ్చిన సంగతి గుర్తుందిగా, కాబట్టి ప్రతి కాగితం రెండు కాపీలు దాచు.

హెడ్మాస్టర్ గారి సలహా వింటే నాకు ఒళ్లు మండింది. ఆయన మంచికే చెప్పి ఉండొచ్చు. అయినా నువ్వు ఏ లెటరు మీదా సంతకం పెట్టకు. 2016 చట్టంలో 20వ సెక్షన్ చదువు. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థ తీసేయడానికి గానీ హోదా తగ్గించడానికి గానీ వీల్లేదు. ఆ పని చేయలేకపోతే అదే జీతం, అవే సౌకర్యాలతో వేరే పోస్టుకి మార్చాలి. అలాంటి పోస్టు లేకపోతే సూపర్‌న్యూమరరీ పోస్టు, అంటే ప్రత్యేకంగా ఒక పోస్టు సృష్టించి అందులో ఉంచాలి, తగిన పోస్టు దొరికే దాకా, లేదా రిటైర్మెంట్ దాకా. జిల్లా పరిషత్ స్కూలు కూడా దీని కిందికే వస్తుంది. ఇప్పుడు నువ్వు పాఠం చెప్పగలుగుతున్నావు కాబట్టి అడగాల్సింది చిన్నవే. క్లాసులు కింది అంతస్తులో వేయమను, కూర్చుని చెప్పడానికి కుర్చీ అడుగు, ఇన్విజిలేషన్‌లో గంటల తరబడి నిలబెట్టొద్దను. ట్యూషన్ మాస్టర్లు వాడే కాలర్ మైక్ ఒకటి కొనుక్కో, గొంతు మీద భారం తగ్గుతుంది. ఇవన్నీ కాగితం మీద రాసి, అందినట్టు ఇన్వర్డ్ నంబరు వేయించుకో. పాత పన్ను విధానంలో ఉంటే ఇన్‌కమ్ ట్యాక్స్‌లో కూడా మినహాయింపు ఉంది. వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్న నాడీ జబ్బుల చికిత్స ఖర్చుల జాబితాలో అటాక్సియా అని పేరు పెట్టి మరీ రాశారు. మీ ఆడిటర్‌కి తెలియకపోవచ్చు, చూపించు.

నీకు ఉద్యోగం ఉంది. గ్రూపులో చేరబోయే వాళ్లందరికీ ఉండదు. అందుకే నిన్ను ఆయన పట్టుకున్నాడు, అది నిజమే. మన రాష్ట్రంలో వికలాంగుల పింఛను 2024 జులై నుంచి 6 వేలు. మంచానికో వీల్‌చెయిర్‌కో పరిమితమైనవాళ్లకి 15 వేలు, కానీ ఆ గడుల పేర్లు చూస్తే పక్షవాతం, తీవ్రమైన మస్క్యులర్ డిస్ట్రఫీ, ప్రమాద బాధితులు. మంచం పట్టిన అటాక్సియా మనిషి వీటిలో దేంట్లోకీ నేరుగా రాడు, అక్కడ కూర్చున్న ఆఫీసరు దయ మీద ఆధారపడాలి. ఇదిగో, మీ గ్రూపు అడగాల్సింది ఇలాంటిది. "మమ్మల్ని ఆదుకోండి" అని టీవీలో ఏడిస్తే ఆ సాయంత్రం వరకే ఉంటుంది. "ఈ జీవోలో ఈ గడిలో అటాక్సియా అనే మాట కలపండి" అని సోమవారం కలెక్టరేట్‌లో జరిగే పరిష్కార వేదికలో ఒక పేజీ అర్జీ ఇస్తే దానికి నంబరు పడుతుంది, ఎవరో ఒకరు ఏదో ఒకటి రాయక తప్పదు. రాకపోతే 10 రూపాయల ఆర్‌టీఐ. గుంటూరు, ఎన్టీఆర్, కృష్ణా, పల్నాడు, బాపట్ల జిల్లాల్లో ఒకే అర్జీ ఒకే వారం ఇవ్వండి. ముఖం కనిపించక్కర్లేదు, టీవీ అక్కర్లేదు, చెల్లి పెళ్లికి దీంతో ఏ సంబంధమూ లేదు.

ఈ గ్రూపులు ఏం చేయగలవు అనే అనుమానం నీకు వస్తుంది, రావాలి కూడా. ఎస్.ఎం.ఎ. అనే పిల్లల నరాల జబ్బు చూడు. రిస్‌డిప్లామ్ అనే మందు ఒక్క సీసా 6 లక్షలకి పైనే ఉండేది. ఆ జబ్బు ఉన్నవాళ్లు, వాళ్ల తల్లిదండ్రులు ఏళ్లుగా కోర్టుల చుట్టూ తిరిగారు, ధర మీద, ప్రభుత్వ సాయం మీద. 2021లో అరుదైన జబ్బుల జాతీయ విధానం వచ్చింది, మరుసటి ఏడాది సాయం 50 లక్షల దాకా పెంచారు, హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రి, సి.డి.ఎఫ్.డి. అనే జన్యు పరిశోధన సంస్థ కలిపి ఒక కేంద్రం పెట్టారు. ఆ 50 లక్షలు కూడా ఆ మందు ముందు ఎన్నాళ్లు వస్తాయి? చివరికి హైదరాబాద్ నాట్కో కంపెనీ జనరిక్, అంటే అదే మందు చౌక రకం, తయారు చేస్తే పేటెంట్ కేసు పడింది, ఢిల్లీ హైకోర్టు, సుప్రీంకోర్టు కూడా జనరిక్‌ని ఆపడానికి ఒప్పుకోలేదు. 2025 అక్టోబర్‌లో అది 15,900 రూపాయలకి వచ్చింది. కంపెనీ వ్యాపారం కంపెనీది, కాదనను. కానీ ఆ మందు ఎవరికి ఎంత అవసరమో కోర్టు ముందు పెట్టింది రోగులే.

నీ జబ్బుకి అలా ధర తగ్గించమని అడగడానికి మందే లేదు. దాన్ని నేను తియ్యగా చెప్పను. రిలుజోల్ అనే మాత్ర గురించి నువ్వు చదివే ఉంటావు. 2015లో ఇటలీ వాళ్లు చేసిన ట్రయల్‌లో (రోగుల మీద మందు పరీక్షలో) అటాక్సియాలకి పనిచేసినట్టు కనిపించింది, కానీ 2022లో ఫ్రాన్స్ వాళ్లు ప్రత్యేకంగా ఎస్.సి.ఎ.2 వాళ్ల మీదే చేస్తే మార్పు లేదని తేలింది. స్టెమ్ సెల్స్ (మూలకణాలు) ఎక్కిస్తాం, లక్షలు కట్టండి అనేవాళ్లు ఫోన్ చేస్తారు, గ్రూపు పెట్టాక ఇంకా ఎక్కువ చేస్తారు. కేంద్ర వైద్య పరిశోధన మండలి ఐ.సి.ఎం.ఆర్. 2017 మార్గదర్శకాల్లోనే ఉంది, కొన్ని రక్త సంబంధ జబ్బులకి తప్ప మిగతా వాటికి అది చికిత్స కాదు, ట్రయల్ మాత్రమే, ట్రయల్ అంటే నీ దగ్గర డబ్బు తీసుకోకూడదు. డబ్బు అడిగారంటే ఫోన్ పెట్టెయ్. నిజమైన ట్రయల్స్ సి.టి.ఆర్.ఐ. అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో కనిపిస్తాయి. రేపు ఏ కంపెనీ అయినా ఇక్కడ ట్రయల్ పెట్టాలంటే ముందు అడిగేది, మీ దగ్గర ఎస్.సి.ఎ.2 అని పరీక్షతో తేలినవాళ్లు ఎంతమంది ఉన్నారు, ఏ దశలో ఉన్నారు అని. ఆ లెక్క లేని చోటికి ఎవరూ రారు. మీ గ్రూపు ఒక ఎక్సెల్ షీట్ పెట్టుకుని (తాళం వేసి పెట్టుకోండి, వాట్సాప్‌లో తిప్పకండి) నమోదు మొదలుపెడితే, ఏ టీవీ ఇంటర్వ్యూ కంటే అది ఎక్కువ పని. హైదరాబాద్‌లో అటాక్సియా ఉన్నవాళ్లే నడిపే సమాగ్ అనే గ్రూపు ఉంది, కొత్తగా కనిపెట్టే ముందు వాళ్లతో మాట్లాడండి.

మందు లేదంటే చేసేదేమీ లేదని కాదు. జర్మనీలో 2009లో ప్రచురించిన ఒక అధ్యయనంలో చిన్నమెదడు జబ్బులున్నవాళ్లకి నాలుగు వారాలు గట్టిగా బ్యాలెన్స్, కోఆర్డినేషన్ వ్యాయామాలు చేయిస్తే నడక మెరుగుపడింది. మానేస్తే పోతుంది, రోజూ చేయాలి. ప్రభుత్వ పెద్దాసుపత్రి జి.జి.హెచ్.లోనో మంగళగిరి ఎయిమ్స్‌లోనో ఫిజియోథెరపిస్టుని అడిగి "అటాక్సియాకి" అని చెప్పి నేర్చుకో, మామూలు మోకాళ్ల నొప్పుల వ్యాయామాలు కాదు. నీళ్లు తాగేటప్పుడు పొలమారుతుంటే తేలిగ్గా తీసుకోకు, స్పీచ్ థెరపిస్టుకి చూపించు, అది ఊపిరితిత్తుల దాకా వెళ్తే ప్రమాదం. బాత్రూమ్‌లో పట్టుకోవడానికి కడ్డీలు ఈ నెలలోనే పెట్టించు. స్కూటీ మానెయ్. నువ్వు ఉత్తరంలో స్కూటీ మాట రాయలేదు, కానీ నడుపుతున్నావని నాకు అనుమానం. పర్సులో తెలుగులో ఒక చిన్న కార్డు పెట్టుకో, "నేను మద్యం తాగలేదు. నాకు నరాల జబ్బు ఉంది, అందువల్ల తూలుతాను" అని, కింద ఇంట్లోవాళ్ల నంబరు. బస్సు కండక్టరుకి, ఆటో అతనికి, బెంజి సర్కిల్లో పోలీసుకి అది చూపిస్తే సరిపోతుంది. కార్డు చూపించడం అంటే జబ్బు పేరు చెప్పడం కాదు, అమ్మకి చెప్పు.

గ్రూపులోకి వెళ్లే ముందు నీకూ ఒక హద్దు పెట్టుకో. మొదట్లో అందరూ నీకే ఫోన్ చేస్తారు, రాత్రి పదకొండుకి కూడా, కొందరు నీకంటే ముదిరిన దశలో ఉంటారు. వాళ్లని చూస్తే రేపు నేనూ ఇంతేనా అనిపిస్తుంది. అనిపించిన రోజు ఫోన్ ఆపు. ఎవరిదాకానో ఎందుకు, ఒకే కుటుంబంలో కూడా ఇది అందరికీ ఒకే వేగంతో నడవదు. నిద్ర పట్టకపోయినా, ఏడుపు ఆగకపోయినా సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లు, దానికి మందులున్నాయి, అవి పనిచేస్తాయి.

సంతకం సంగతి మర్చిపోలేదు. బ్యాంకుకి వెళ్లి ఇప్పుడు నీ చేయి ఎలా పెడుతోందో అలాగే కొత్త స్పెసిమెన్ సంతకం ఇచ్చెయ్, పాతది క్యాన్సిల్ చేయించు. అది కూడా మారుతూ ఉంటే, జబ్బు వల్ల సంతకం చేయలేని ఖాతాదారుల వేలిముద్రతో డబ్బు ఇచ్చే సౌకర్యం బ్యాంకుల్లో ఉంది. ఇద్దరు సాక్షులు ఉండాలి, వాళ్లలో ఒకరు బ్యాంకు ఉద్యోగే అయి ఉండాలి. ఇది రిజర్వ్ బ్యాంక్ చెప్పిన పద్ధతే, కౌంటర్లో అబ్బాయి కుదరదంటే మేనేజర్ దగ్గర కూర్చో. మీవారితో జాయింట్ అకౌంట్, "ఇద్దరిలో ఎవరైనా" అనే పద్ధతిలో, ఈ లోపు పెట్టించుకో. జీతం ఖాతా ముందు, మిగతావి తర్వాత.